రెండు తోకలు

ఆ రాత్రి గుంతకల్లులో వాన దంచింది.
రైల్వే క్వార్టర్స్ నుంచి ఒగటి,
పత్తి మిల్లు గోడౌన్ నుంచి ఒగటి.
నాగుబాము, పిల్ల జెర్రిపోతు.
ఇంట్లో ఉన్నది ఒగటే డ్రమ్ము.

"తెల్లారితే ఫారెస్టోళ్ళు వస్తారు,
ఒగ రాత్రికి ఏమైతాదిలే" అన్నాడు హుసేనప్ప.
రెండూ చెరో పక్క చుట్ట చుట్టుకొని
పెండ్లిచూపుల్లో మాదిరి తల ఎత్తలేదు.
మూత మీద రుబ్బుగుండు పెట్టినా.

నడిరేయి డ్రమ్ములో ఏదో కొట్టుకున్న చప్పుడు.
వానేమో అనుకున్నా.

పొద్దున మూత తీస్తే ఒగటే పాము.
నడుము లావెక్కి, కదల్లేక,
నోట్లోంచి వేలెడు తోక బయటికి.
రెండు తలల పామని అమ్మేటోళ్ళను చూసినా గాని
రెండు తోకల పామును అదే చూడ్డం.

హుసేనప్ప బీడీ ముట్టించలేదు,
చేతిలోనే నలిపేసినాడు.
"పట్టింది నేనే. పెట్టింది నేనే."

ఇప్పుడు గోడ వార ఏడు కుండలు, మూతులకు గుడ్డ,
ఒక్కోదాని మీద సుద్దముక్కతో
ఒగటి, ఒగటి, ఒగటి.

మొన్న టీ కొట్టు పిల్లోడు అడిగినాడు:
"జంటగా పెడితే తోడు గదా మామా?"
"తోడు కావాల్సింది మనకప్పా.
దానికి కావాల్సింది మూత."

అట్లన్నోడు, రాత్రి
నా మంచం కాళ్ళ కాడే
చాప పరుచుకున్నాడు.