లాకుల దగ్గర వాలుబాణం

ఒక్క వాక్యమే ఇచ్చారు నాకు:
"శివారు రైతు నీళ్ళడిగితే తూము తెరుచుకోవాలి."
ఆఫీసులో అది చదివి తలూపనివాళ్ళు లేరు.

లొల్ల లాకుల పక్కన, లస్కరు గదిలో,
కాళ్ళు కుదరని బల్ల మీద కాగితం పరిచి
పైన నాలుగు గళ్ళు గీశాను:
రైతు. ఫోను. సెక్షనాఫీసు. తూము.
ఒక్కో గడి కింద ఒక్కో చుక్కల గీత,
బతికున్నంతసేపూ సాగే గీత.
తర్వాత బాణాలు: అడిగాడు, అందింది, సరేనన్నారు, తెరుచుకుంది.
పావుగంట పని.
నాకే ముచ్చటేసింది.

పెనుమాల సత్తిపండు గారు
ముప్పై ఏళ్ళు చక్రం తిప్పిన చేతిని పంచెకి తుడుచుకుని
కాగితం మీద వేలు పెట్టారు.
"ఇందులో నేనెక్కడున్నానండీ?"

లేరు.
ఆఫీసుకీ తూముకీ మధ్య ఇరుకున
ఇంకో గడి ఇరికించాను: లస్కరు.
అంతే, బాణాలు పుట్టుకొచ్చాయి.
తలుపుకి గుర్రపుడెక్క అడ్డం పడిందేమో చూసుకోవాలి.
అది ఆయన నుంచి ఆయనకే వెళ్ళే బాణం,
గీతలోంచి బయల్దేరి, మడత తిరిగి, మళ్ళీ గీతలోకే.
"తనకి తాను చెప్పుకోవడమన్నమాట," అన్నాను.
"రాత్రుళ్ళు నేను చేసేది అదేనండి," అన్నారు.

"మరి నీళ్ళు మీ గీతలాగ తిన్నగా పోతాయేంటండీ?
ఇక్కడ వదిలింది ఉప్పలగుప్తం చేరాలంటే
దారిలో ఎన్ని ఇంజన్లు తాగుతాయి,
ఎన్ని రొయ్యల చెరువులు నోరు తెరుస్తాయి!
ఒక పగలూ, ఒక రాత్రీ, ఇంకో పూటండి."
రబ్బరుతో చెరిపి బాణాన్ని వాల్చాను,
ఏటవాలుగా, కాగితం అడుగుదాకా.
ఆ వాలులో పట్టేంత ఓపిక
నాకిచ్చిన వాక్యంలో ఎక్కడా రాసి లేదు.

వాళ్ళ నాన్నగారు, ఫోన్లు లేని రోజుల్లో,
సున్నం బొట్టు పెట్టిన కొబ్బరిడొక్క ఒకటి
నీళ్ళతోపాటు వదిలేవారట.
చివరి తూము దగ్గర పట్టుకున్నవాడు
సైకిలు మీద తిరిగి తెచ్చిచ్చేవాడట.
తడారిన డొక్క. అదే రసీదు.

తిరుగుబాణం.
నేను మరిచింది అదే.
నా బొమ్మలో నీళ్ళు చేరాయని ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు.
తలుపు లేచింది కాబట్టి చేను తడిసిందనుకున్నాను.
అంచున, తెగిన గీతలతో, వెనక్కి ఒకటి గీసి
దాని మీద రాశాను: చేరింది.

సత్తిపండు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.
కిటికీ అవతల కాలువ, మబ్బు రంగులో, కదిలీ కదలనట్టు.
"చేరకపోతే?"

కాగితంలో చోటు అయిపోయింది.
సంచిలోంచి రెండోది తీశాను.