ఆకుల మీద నడక

నాలుగు రోజుల కిందనే సబ్బు బంద్ అయింది.
పగిడయ్య మామ సబ్బుబిళ్లను చూరుల చెక్కి
"నీ మెడ కాడ అంగడి వాసనొస్తుందిరా,
అది నీకంటె ముందు గుట్టెక్కుతది" అన్నడు.
బూడిదతోని, ఇప్పపిండితోని తోముకున్న.
అంగీని వాగొడ్డున చెత్తాకుల కింద
రెండు రాత్రులు పూడ్చిపెట్టినం.
తీసి తొడుక్కుంటే
నా పక్కన ఎవరో పరాయోడు కూసున్నట్టుంది.

"కణుజు ఎంత ఎత్తుంటది మామా?"
అడగంగనే నా నోటి మీద అరచెయ్యి.
పేరెత్తొద్దు.
ఏడు గుట్టల అవతల ఉన్నా చెవులు రిక్కిస్తదట.
చాలాసేపటికి, మాట లేకుండ,
దొడ్డి గుంజ మీద బొగ్గుతోని గీత గీసిండు.
పోయి ఆనుకొని చూసుకున్న. నా గదువకొచ్చింది.
అది భుజమే. తల లెక్కల్లేదు, కొమ్ములు లెక్కల్లేవు.

పస్రా కమ్మరి వీరాచారి
మూడు మానికల జొన్నలు కొలిపించుకొని
అయిదు ములుకులు సాగగొట్టిండు.
ఒకటి వంకరొచ్చింది.
మామ దాన్ని పారెయ్యలే, నాకిచ్చిండు.
"వంకరదానితోని నేర్చినోనికి
సక్కటిది చేతిల పడితే తేలికైతది."
ఇది ఇద్దెనో, పిసినారితనమో
ఇప్పటికీ నాకు తెల్వది.

మునిమాపు వాకిట్ల పాలు పంచిండ్రు.
ఇంకా చావని దాన్ని, ఇంకా కనబడనే కనబడనిదాన్ని
గులకరాళ్లతోని ఇల్లిల్లుకు పంచిండ్రు.
కండ్లు కనబడని సోమక్కకు ఒక రాయి.
కుక్కలకు కలిపి ఒకటి.
మొదటి బాణం వేసినోనికి తల, గుండె:
దానికి నల్లటి పెద్ద రాయి.
నాది అన్నిట్ల చిన్నది, శనగ్గింజంత.
ఒకటి మాత్రం మామ ఎవరికీ ఇయ్యలే,
తీసుకపోయి చెట్లల్లకు ఇసిరేసిండు.
ఎవరిదని నేనడగలే.

రాత్రయితే అసలు పని.
వాకిలంత టేకాకులు పరిచిండు,
ఎండకు అప్పడాల లెక్క వరిగినయ్.
అవతలి మూలకు బోర్లించిన గంప మీద
మా గోధుమరంగు పెట్ట.
"దాన్ని లేపకుండ దాని కాడికి పో."

మొదటి రాత్రి రెండో అడుగుకే ఊరంత లేచింది.
రెండో రాత్రి ఆరో అడుగు.
ఎల్లక్క కడుపు పట్టుకొని నవ్వింది:
"వీడు తెచ్చే కూరకు నేనిప్పుడే కారం నూరాల్నా?"
మామ నవ్వలే.
మడిమె కాదు, వేళ్లు ముందు.
బరువు పెట్టకు, గంజి వంచినట్టు వంచు.
ఆకు కింద పుల్ల ఉన్నదని కన్ను కాదు, పాదం చెప్పాలె.
చిటికెడు బూడిద వదులు,
అది ఎటు పోతే దానికి ఎదురు పో.
"దగ్గొస్తే?"
"మింగు."
"భయమొస్తే?"
మామ బీడీ ముట్టించిండు.

ఆఖరి రాత్రి, సన్నటి వెన్నెల.
పదకొండడుగులు.
ఒక్క ఆకు నోరిప్పలే.
గంప కాడ వంగిన, గెలిచిన్నని నవ్వుదామని.

దాని కన్ను తెరిచే ఉన్నది.
గుండ్రంగ, రెప్ప కొట్టకుండ,
అందుల ఆవగింజంత నేను.
ఎప్పటిసంది చూస్తున్నదో,
మొదటి అడుగు నుంచేనేమో.
అరవలే. మెసలలే.
నేను వచ్చుడంతా చూసుకుంట కూసున్నది.

"లేవలే గదా?" చీకట్లకెల్లి మామ.
"లేవలే" అన్న.

తొలికోడి కుయ్యకముందే
ఎల్లక్క మోదుగాకుల గటక కట్టి చేతికిచ్చింది,
రాత్రి నవ్విన మనిషి ఇప్పుడు నా దిక్కు చూడలే.
కుక్కలు గూడ మొరగకుండ నిలబడ్డయ్.
నల్లగుట్ట ఇంకా ఆకాశం నుంచి విడిపోలే.
దొడ్డి దాటంగ
మామ చెప్పినట్టే చిటికెడు బూడిద వదిలిన.

అటూ పోలే, ఇటూ పోలే.
నా పాదాల మీదనే పడ్డది.