రిపోర్టులో ఒకటే గీత

బేతంచెర్ల మద్దిలేటి కాలి పుండు
దూదిపుల్ల కొనకు అంటుకుని
కర్నూలు పెద్దాసుపత్రి ల్యాబులో
రెండోసారి నా బల్ల మీదికొచ్చింది.

మొదటిసారి పచ్చగా ఉండె.
ప్లేటు మూత తీస్తే మురిగిన ద్రాక్ష వాసన.
సూడోమోనాస్ అని రాశాను.
‘పెరిగిన క్రిమి’ అన్నచోట
ఫారంలో ఉండేది ఒకటే గీత,
ఒక్క పేరే పడుతుంది.
ప్లేటు అంచున మెతుకు అంటినట్టు
తెల్లగా ఇంకేదో ఉండె.
ఆ పొద్దు ఇంకా పద్దెనిమిది శాంపిళ్లు.
దాన్ని నేను లెక్కపెట్టలేదు.

ఏడు రోజులు సూదులు వేశారు.
పచ్చదనం పోయింది, పుండు పోలేదు.
"వాసన మారిందమ్మా" అంది ఉరుకుందమ్మ,
కట్లు విప్పి విప్పి
గోళ్లలో అయోడిన్ రంగు దిగినామె.
"ముందర కుళ్లిన పండు వాసనొచ్చేది.
ఇప్పుడు రాత్రి రుబ్బిన పిండి
తెల్లారికి పులిసినట్టుండాది."

లోపలికెళ్లి స్లైడు చూశాను.
ఊదారంగు గుండ్లు, గుండుకు మొలిచిన గుండు,
కొన్ని సాగి సాగి దారాలయ్యాయి.
ఆ దారాలను కరుచుకుని అక్కడక్కడ
చావగా మిగిలిన గులాబీ పుల్లలు.

అది బతికినన్నాళ్లు
ఈ బూజును కొరికి కొరికి ఎదగనియ్యలేదు.
మేము దాన్ని చంపి
దీనికి దారి ఊడ్చిపెట్టాం.

"ఏం పురుగమ్మా?"
"రెండున్నాయి."
"ఒక్క కాల్లోనా! కొట్లాడుకోవా అయి?"
"కొట్లాడుకుంటాయి.
ఒకే బోరు కింద ఇద్దరు కౌలుదార్లు.
ఒకడు పోతే రెండోవాడు
గట్టు చెరిపి మొత్తం దున్నుకుంటాడు."

కాసేపు ఏమనలేదు.
తర్వాత, మెల్లగా,
"మరి చేను ఎవరిదమ్మా?"

మద్దిలేటి పైన ఫ్యాను చూస్తున్నాడు.
ఇరవై రెండేళ్లు నాపరాళ్లు కోసిన చేతులు,
గీతల్లో ఇంకా తెల్ల దుమ్ము.
ఎడమ కాలికి వేళ్లు మూడే.
చక్కెర ఎంతుందని అడిగితే
చాయ్‌లోనా అన్నాడు.

గీత మీద ఒక పేరు రాసి
గీత కింద, ఖాళీ లేనిచోట,
ఇరికించి రెండోది రాశాను.
"కంప్యూటరు ఒకటే తీసుకుంటాది మేడం"
అన్నాడు టైపు చేసే పిల్లోడు.

వాసనకైతే అసలు గడే లేదు.
అంచున పెన్నుతో రాశాను:
పులిసిన పిండి.
చెప్పింది: పేషెంటు భార్య.
నా కంటే మూడు రోజులు ముందు.