పగులుకి ముందు

కటూంబా దాటాక తారు రోడ్డు అయిపోయింది.
యూకలిప్టస్ బెరళ్లు చీలికలై వేలాడుతున్నాయి,
ఎవరో విప్పి మరిచిన తలపాగాల్లా.

గుడి చిన్నది. మేకు ఒక్కటీ లేదు.
దూలం దూలం విప్పుకుని ఓడెక్కి వచ్చిందట.
"నాలుగొందల ఏళ్లది.
ఈ కొండకి మాత్రం నిన్నటి చుట్టం"
ఆకులూడుస్తూ అంది హరూయే.

గంట మోగింది.
చెప్పులు విడిచి తల వంచాను.
తలెత్తితే
గంట మీద గోనెపట్టా.
నిరుటి చలికి పగిలిందట,
అప్పట్నుంచీ మూగదే.

"ఆ ఫెర్న్ పొదల్లో లైర్‌బర్డ్ ఉంది.
విని విని పట్టేసింది."

మళ్లీ మోగింది అడవి.
ఈసారి గంట వెనకే
మగగొంతు దగ్గు, రెండుసార్లు,
పొడిగా.

హరూయే చీపురు ఆగింది.
ఆకులు రాలుతూనే ఉన్నాయి
ఊడ్చినచోటే.