రేకుల షెడ్డు స్టాపు

'రేకుల షెడ్డూ... దిగేవాళ్ళు రండి' అని అరస్తా.
షెడ్డు పోయి ఆరేండ్లాయ.
ఆడిప్పుడు లిఫ్టుండే ఇండ్లు,
గేటుకాడ కునికే వాచ్‌మేను.
పేరొకటే మిగిలింది, నా నోట్లో.

దేశమ్మ అప్పుట్లో ఈడే దిగేది.
బాడుగ పెరిగి మంగళం పోయింది,
ఆడా పెరిగితే కరకంబాడి దాటింది.
కిటికీ సీటు మాత్రం అదే.

లీలామహల్ కాడ లాడ్జీలో దుప్పట్లు మారస్తాది.
'షోలాపూరోళ్ళు రైల్లో పడుకోని లేస్తే తిరపతి సామీ,
తిరపతిలో ఉండే నాకు
నిలబడి గంటన్నర' అంటాది
కిటికీ సీటు దొరకని రోజు.
చేతులు బ్లీచింగు వాసన.

ఇప్పుడు ఆడోళ్ళకు సున్నా టికెట్టు.
మిషను గీరుమని చీటీ కక్కుతాది:
డబ్బులకాడ సున్నా,
స్టేజీలకాడ పద్నాలుగు.
అందరూ కింద పారేస్తారు.
ఆమె మడిచి చిల్లర సంచిలో పెట్టుకుంటాది,
ఎందుకో నేనడగలా.

నిన్న ఆఖరి ట్రిప్పు.
ఇంజను ఆపినా దిగలేదు.
'బండి ఇంకొంచెం ముందుకు పోదా సామీ?'
'రోడ్డు ఈడికే అక్కా.'

లైట్లు ఆర్పేముందు చూసినా.
చెనిక్కాయల చేన్లో
తెల్లగా, వరసగా హద్దురాళ్ళు,
కొండ కిందిదాకా.