తల్లి వైపు ఇంటిపేరు

వశిష్ఠ సముద్రంలో కలిసే చోట
నీళ్లకి రెండు రంగులు.
ఆ గీత మీదే కొట్టుకొచ్చింది
ముప్పై ఎనిమిది అడుగుల ఆడ తిమింగలం.

నేను కాకినాడ నుంచి చేరేసరికి మూడో రోజు.
సఖినేటిపల్లి దాటాక దారి అడగలేదు,
గాలే చెప్పింది.
టేపు ఆ చివర పెమ్మాడి బండియ్య పట్టుకున్నాడు,
ముక్కుకి తువ్వాలు బిగించి.
తల మీద పొడుగ్గా సాగిన మూడు గట్లు చూపించి
"నామాలండి, చూసుకోండి.
మన నరసింహసోమి మనిషే" అన్నాడు.
నవ్వబోయి నోరు తెరిస్తే
వాసన లోపలికెళ్లింది.

రెక్క కింద, కాకులు ఇంకా ముట్టని చోట
రూపాయి బిళ్లంత చర్మం కోశాను.
స్పిరిట్ సీసాలో వేసి
చీటీ మీద పెన్సిల్‌తో రాశాను:
అంతర్వేది పల్లిపాలెం. ఆడ.
పెన్నుతో రాస్తే స్పిరిట్ తినేస్తుంది.

"ఇంత కొండలోంచి అంతేనా?"
"చాలు. ఏ ఊరిదో చెప్పేస్తుంది."
"సముద్రానికి ఊరేంటండి?"

ఆ ప్రశ్న సీసాతో పాటు బస్సెక్కి
ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటింది.

నిజమే. సముద్రానికి గట్టు లేదు, లాకు లేదు,
ధవళేశ్వరంలో లాగా తలుపులు దింపే మనిషి లేడు.
ఇక్కడ మునిగిన తోక
ఎక్కడైనా తేలొచ్చు.
అయినా తేలదు.
అరేబియా వైపు గూని తిమింగలాలు
డెబ్బై వేల ఏళ్లుగా
దక్షిణపు మంచు దగ్గర మేసే చుట్టాల ఇంటికి
రాకపోకలు మానేశాయట.
వాటికి చలికాలం, వీటికి ఎండాకాలం.
పెళ్లి ముహూర్తాలు కలవవు.
మధ్యన గోడ పంచాంగం కట్టింది.

గోదారి పద్ధతి వేరు.
ఒక్క నీటినే చీల్చి
గౌతమి అంది, వశిష్ఠ అంది, వైనతేయ అంది.
పంటు మీద పావుగంట,
అంతలో అవతలి రేవులో
చేపకి ఇంకో పేరు, తిట్టుకి ఇంకో రాగం.

అయిదు నెలలకి హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది.
మనకి యాభై ఆరు అక్షరాలు,
చర్మానికి నాలుగే.
ఆ నాలుగింటితో రాసుకున్న పొడుగాటి వాక్యం
తల్లి నుంచి కూతురికి,
ఆ కూతురి నుంచి దాని కూతురికి,
తండ్రి వేలు పెట్టని దస్తూరి.
చదివితే తీరపు తెగ అని తేలింది.
నడిసముద్రంలో తిరిగే తెగకీ
అవే మూడు నామాలు, అదే మసి రంగు.
పక్కపక్కన పడుకోబెడితే నేనూ తడబడతాను.
లోపల మాత్రం
ఒక్కో ముత్తవ్వ దగ్గర ఒక్కో అక్షరం జారింది.
దిద్దే పంతులు లేడు.
తప్పే వంశమైంది.

కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను.
బండియ్య వేటలో ఉన్నాడు.
కాసులమ్మ సరుగుడు తోట పక్కన
నెత్తళ్లు ఆరబోస్తోంది.
పొక్లెయిన్‌తో తిమింగలాన్ని పాతిన చోట
ఇసుక ఇంకా నూనె కక్కుతోంది.
ఎవరో పసుపు చల్లారు.
కుక్కలు చుట్టూ తిరిగి పోతున్నాయి.

"దానికి ఊరుందని ఆయనకి చెప్పండి.
ఇంటిపేరూ ఉంది, తల్లి వైపుది" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది.
"మాయమ్మోళ్లు ఓలేటోరు. ఓడలరేవు."
వాళ్లమ్మ?
"బలుసుతిప్ప. సంగాడోళ్లనుకుంటా."
వాళ్లమ్మ?
నెత్తళ్లు తిరగేసింది,
తిరగేసినవే మళ్లీ.
"ఏదో ఉప్పెనకి పడవ మీద కొట్టుకొచ్చిందంట.
పేరు... ఉండండి, నాలిక మీదే ఉంది."

ఉన్నాను.
నేనూ లోపల లెక్కేసుకున్నాను:
మా అమ్మ, అమ్మమ్మ, ఆవిడ పుట్టిల్లు ద్రాక్షారామం దగ్గర ఏదో.
పైన మెట్టు లేదు.

కాగితం వెనక పెన్సిల్‌తో
ఓలేటి, సంగాడి అని రాసి
కింద ఖాళీ గీత ఒకటి గీశాను.

పంటు రెండోసారి కూత పెట్టింది.
కాసులమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి.