గురువారపు ముల్లు

కిసంగానికి ఎగువన, పడవలో రోజున్నర దూరాన
అడవిని దాటి తలెత్తిన ఇనుప టవరు ఒకటుంది.
దాని కొసన రెండు పరికరాలు.
ఒకటి, గాలి పైకి పోతోందా కిందికి దిగుతోందా చూస్తుంది.
రెండోది, ఆ గాలి ఏం మోసుకుపోతోందో వాసన చూసి చెబుతుంది.
సెకనుకు పదిసార్లు.
నా పేరు ఓదెత్.
కింద రేకుల గదిలో, సోలార్ బ్యాటరీ పక్కన కూచుని
ఆ అంకెల్లో రాళ్లు ఏరతాను,
మా అమ్మ చిక్కుళ్లలో ఏరినట్టు.

పొద్దున ఆరున్నరకి గీత సున్నా దాటి కిందికి జారుతుంది.
అడవి తినడం మొదలెట్టిందన్నమాట.
ఆకు ఆకునా సన్నటి నోళ్లు తెరుచుకుని
బొగ్గుపులుసు గాలిని లోపలికి లాక్కుంటాయి.
తెరిచిన ఆ నోళ్లలోంచే నీళ్లు ఆవిరై పోతాయి.
తినాలంటే చెమటోడ్చక తప్పదు, ఆకుకైనా.

చీకటి పడ్డాక గీత మళ్లీ పైకి.
నేల, వేళ్లు, కుళ్లిన దుంగలు, చెదలు,
పగటి తిండిలో చాలా మటుకు వెనక్కి వదిలేస్తాయి.
గాలాడని రాత్రుళ్లు ఆ ఊపిరి మా దాకా రాదు,
వాలు వెంబడి పాములా పాకి వాగులోకి దిగుతుంది.
పరికరం మాత్రం "ఏమీ లేదు" అని రాస్తుంది.
నేను నమ్మను.

ఎండ లెక్కా అంతే.
అడవికి దక్కిన ఎండ నూరు పాళ్లనుకుంటే
ఆవిరిగా ఇంత, సెగగా ఇంత, మట్టిలోకి కాస్త,
అన్నీ కూడితే ఎనభై అయిదు.
మిగతా పదిహేనూ ఏవని, దూరదేశం నుంచొచ్చిన పెద్దమనిషినడిగాను.
"అన్ని అడవుల్లోనూ దాదాపు ఇంతే" అన్నాడు.
రేవు దగ్గర కొట్టువాడూ ఖాతా కుదరనప్పుడు
సరిగ్గా ఆ మాటే అంటాడు.

ఇక లిఫోలి సంగతి.
గురువారం గురువారం టవరెక్కి అద్దం తుడిచేవాడు,
పుప్పొడి, సాలెగూడు, చిన్న తేనెటీగలు పూసిపోయిన మైనం.
రొప్పుతూ అతను కొసకు చేరగానే
నా తెరమీద ఒక ముల్లు నిలబడేది.
మనిషి ఊపిరి!
మైలు పొడవు అడవి మాటని మింగేసేంత.
నియమం ప్రకారం ఎర్ర గుర్తు పెట్టి తీసెయ్యాలి.
తీసేశాను. ఆరేళ్లు.

ఒక ముల్లు నిటారు. ఒకటి దగ్గుతో రంపమై ఉండేది.
చెల్లెలి పెళ్లైన వారం, పొట్టిపొట్టివి వరసగా పదకొండు.
"పైన ఈల వేశావా?" అనడిగితే
"అడవి చాడీలు కూడా చెబుతుందన్నమాట" అని నవ్వాడు.

మా లింగాలలో గాలి మొపెపె, ఊపిరి ఎంపెమ.
పరికరానికి రెండూ ఒకటే.
తేడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే,
తుడిపేసేదీ నేనే.

ఏడు నెలలు జీతాల్లేవు.
ఎనిమిదో నెల దోమతెర చుట్టుకుని, రెంచీ నా బల్లమీద పెట్టి
సరుకు పడవెక్కాడు, బొగ్గు బస్తాల మీద కూచుని.
"మెత్తటి గుడ్డతోనే తుడువు" అన్నాడు. అంతే.

ఇప్పుడు గురువారాలు శుభ్రంగా ఉన్నాయి.
ఏరడానికి రాయి లేదు.
గీత మాత్రం రోజుకింత పక్కకి ఒరుగుతోంది,
అద్దానికి బూజు పడితే అంతే మరి.

మొన్న నేనే ఎక్కాను. నూట తొంభై మెట్లు.
మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకున్నాను.
పైన, ఎండకి ఆకులు విడిచే మందువాసన,
దూరాన చెట్ల మీద నీలిమసక.
అద్దం దగ్గర ఊపిరి బిగబట్టాలి, అదీ నియమమే.
బిగబట్టాను. తుడిచాను.
ఒక మూల మైనం రాలేదు. గోరుతో గీకబోయి
పట్టలేకపోయాను.

సాయంత్రం తెర తెరిస్తే, అక్కడ ముల్లు.
అతని ముల్లుకన్నా పొట్టిది, మొన భయంతో వణికినట్టుంది.
ఎర్ర గుర్తు ఇంకా పెట్టలేదు.
బ్యాటరీ ఎరుపుకొచ్చింది,
ముందు దాని సంగతి చూడాలి.